సరుకులో లోపం: అమ్మినవాని పూచీ, తయారీదారు వారంటీ

వస్తువు కొని ఇంటికి తెచ్చుకున్న తరువాత అందులో లోపం బయటపడితే కొన్నవాడు ఎవరిని అడగాలి? అమ్మిన అంగడివాడినా, తయారు చేసిన కంపెనీనా? ఫ్యాను గాని, మిక్సీ గాని, మోటారు సైకిలు గాని చెడిపోయినప్పుడు అంగడిలో సాధారణంగా వినిపించే జవాబు ఒకటే: “మాదేముంది? కంపెనీ వారంటీ ఉంది, సర్వీసు సెంటరుకు వెళ్లండి.” ఈ జవాబు నేడు ఎంత సహజంగా తోస్తుందంటే, దీని వెనుక ఒక పెద్ద చారిత్రక మార్పు ఉందన్న సంగతే చాలామందికి స్ఫురించదు. కొన్నవాడి హక్కు కొన్ని శతాబ్దాలపాటు అమ్మినవాని మీదనే నిలిచి ఉండేది. అది అక్కడి నుండి కదిలి, ముఖం తెలియని తయారీదారు ఇచ్చే కాగితం మీదికి ఎలా చేరిందో, ఆ మార్పులో కొన్నవాడు ఏమి పోగొట్టుకున్నాడో, ఏమి పొందాడో తెలుసుకోవడం అవసరం.

ఈ పరిశీలనకు హిందూపురం, ధర్మవరం, పెనుకొండ చక్కని ఉదాహరణలు. 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలో ఉండి, ఆ తరువాత శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ మూడు ఊళ్లూ ఒకదానికొకటి దూరమైనవి కావు. కాని సరుకు తయారు చేసేవానికీ, కొనేవానికీ మధ్యగల దూరం మాత్రం ఈ మూడింటిలో మూడు రకాలుగా ఉంటుంది. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టులో రైతు, కొనుగోలుదారు ఎదురెదురుగా నిలబడతారు. ధర్మవరంలో నేతగానికీ, చీర కట్టుకునే ఇల్లాలికీ మధ్య షావుకారు, దుకాణదారు ఉంటారు. పెనుకొండ దగ్గర తయారయ్యే కారు దేశ దేశాలకు వెళుతుంది. దానిని కొన్నవాడు తయారీదారును ఎన్నడూ చూడడు.

ఖియారుల్ ఐబ్

దివ్య ఖురాన్ తూనికలలో మోసం చేసేవారిని ‘అల్ ముతఫ్ఫిఫీన్’ సూరాలో తీవ్రంగా హెచ్చరించింది. హజ్రత్ షుఐబ్ (అలై) తన జాతివారికి చేసిన బోధలో కూడా కొలతలు, తూనికలు సరిగా ఉండాలన్న ఆదేశం ప్రధానమైనది. దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలోనికి చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. తడిసిన ధాన్యాన్ని జనులకు కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ఆ వ్యాపారిని ప్రశ్నించి, మోసగించేవాడు తమవాడు కాడని స్పష్టం చేశారు. సహీహ్ ముస్లింలోని ఈ ఉదంతంలో వర్తకుడు తడికి కారణం వాన అని చెప్పుకున్నాడు. అంటే లోపాన్ని అతడు కలిగించలేదు, దాచాడు. అతని దోషమల్లా అదే. లోపం ఎక్కడ పుట్టిందన్నది వేరు, దానిని చెప్పకుండా అమ్మడం వేరు అన్న సూత్రం ఇక్కడే నెలకొన్నది. పాలు ఎక్కువగా కనిపించాలని పొదుగు కట్టి అమ్మిన పశువును మూడు రోజులలో తిరిగి ఇవ్వవచ్చునన్న హదీసు కూడా ప్రసిద్ధమే. దాని అమలు వివరాలలో మాత్రం ఇమాముల మధ్య అభిప్రాయభేదం ఉంది.

ఈ పునాదిపై ధర్మవేత్తలు ‘ఖియారుల్ ఐబ్’ అనే హక్కును నిర్మించారు. లోపం కారణంగా బేరాన్ని ఉంచుకోవడమో, రద్దు చేసుకోవడమో నిర్ణయించుకునే స్వేచ్ఛ అని దీని భావం. ఈ ప్రాంత ముస్లిములలో అధికులు అనుసరించే హనఫీ ధర్మశాస్త్రంలో దీని రూపం స్పష్టంగా ఉంది. వర్తకుల ఆనవాయితీ ప్రకారం ధరను తగ్గించేది ఏదైనా లోపమే. అది అమ్మకానికి ముందే ఉన్నదై, కొన్నవానికి తెలియనిదై ఉండాలి. అప్పుడు అతడు సరుకు వాపసు ఇచ్చి పూర్తి ధర తీసుకోవచ్చు, లేదా అదే ధరకు ఉంచుకోవచ్చు. సరుకు ఉంచుకొని ధర తగ్గించమని బలవంతపెట్టే హక్కు అతనికి లేదు. కొన్నవాని చేతిలో ఇంకొక లోపం చేరి వాపసు అసాధ్యమైతే, పాత లోపానికి తగిన వ్యత్యాసాన్ని రాబట్టుకోవచ్చు.

గమనించదగిన విషయం ఏమంటే, ఈ హక్కు కోసం కొన్నవాడు ముందుగా ఏ షరతూ పెట్టుకోనక్కరలేదు. ఏ కాగితమూ అడగనక్కరలేదు. బేరం కుదిరిందంటే సరుకు నిర్దోషంగా ఉండాలన్న నిబంధన అందులోనే ఇమిడి ఉంటుంది. ఈ పూచీ అమ్మినవానిది. అతడు దానిని స్వయంగా తయారు చేశాడా, ఇంకొకరి వద్ద కొన్నాడా అన్న ప్రశ్న కొన్నవానికి అడ్డు రాదు.

హిందూపురం గూళ్లు

పొరుగున ఉన్న మైసూరు రాజ్యంలో పట్టుపురుగుల పెంపకాన్ని ప్రోత్సహించినవాడుగా టిప్పు సుల్తాన్ చరిత్రకెక్కాడు. ఆ సీమను ఆనుకొని ఉన్న హిందూపురం బెల్లం, చింతపండు, మిరప వ్యాపారంతోబాటు పట్టుగూళ్ల మార్కెట్టుకు కూడా పేరు పొందింది. రైతు తెచ్చిన గూళ్లు రాశిగా పోస్తారు. పట్టు తీసేవారు చేతితో కదిపి, కోసి చూసి వేలం పాడతారు. ఊజీ ఈగ కుట్టిన గూడు, మచ్చపడిన గూడు, రెండు పురుగులు కలిసి కట్టిన గూడు కొంతవరకు కంటికి తెలుస్తాయి. కాని దారం ఎంత వస్తుందో, మధ్యలో ఎన్నిసార్లు తెగుతుందో వేడినీటిలో వేసి తీసినప్పుడే తేలుతుంది. అప్పటికి గూడు గూడుగా మిగలదు. దానిని వాపసు ఇవ్వడం కుదరదు.

ఇటువంటి చిక్కును ఎనిమిది వందల సంవత్సరాలకు పూర్వమే ఇమామ్ మర్గీనానీ (రహ్మ) ‘హిదాయా’లో చర్చించారు. ఆయన హిజ్రీ 593లో, అనగా క్రీ.శ. 1197లో మరణించారు. ఆయన తీసుకున్న ఉదాహరణలు గుడ్లు, పుచ్చకాయలు, దోసకాయలు, అక్రోటు కాయలు. పగులగొట్టిన తరువాత అవి ఎందుకూ పనికిరానివని తేలితే మొత్తం ధర వాపసు రావాలి. ఏదో ఒక ఉపయోగం ఉన్నట్లయితే, పగులగొట్టడం అనే కొత్త లోపం చేరింది గనుక సరుకు వాపసు లేదు, వ్యత్యాసం మాత్రం రాబట్టుకోవచ్చు. రాశిలో నూటికి ఒకటి రెండు చెడ్డవి ఉండడం సహజమే గనుక అంతటి స్వల్ప దోషానికి బేరం చెడదు. కొన్నవాని హక్కును నిలుపుతూనే, పంటలో తప్పని తరుగుకు రైతును బాధ్యుని చేయకుండా కాపాడే న్యాయం ఇది.

ఈ విధమైన బజారులో తయారీదారు వారంటీ అన్న ఆలోచనకే చోటు లేదు. పండించినవాడే అమ్మేవాడు. పూచీ ఒక్కటే, దానికి ఒకే ఒక ముఖం.

ధర్మవరం మగ్గం

ధర్మవరంలో పరిస్థితి వేరు. పట్టునూలు, జరీ షావుకారు ఇస్తాడు, నేతగాడు కూలికి నేస్తాడు, చీర దుకాణానికి చేరుతుంది. జరీ తరచుగా దూరాన ఉన్న సూరత్ నుండి వస్తుంది. ఒక చీరలో జరీ నల్లబడితే ఆ దోషం సూరత్‌ది కావచ్చు. రంగు దిగితే అద్దకంవానిది కావచ్చు. నేత తెగితే మగ్గానిది కావచ్చు. కొన్న ఇల్లాలికి ఇదంతా తెలిసే మార్గం లేదు.

ధర్మశాస్త్రం ఈ గొలుసును లంకె లంకెగా విడదీసి చూసింది. కొన్నవారికి జవాబుదారు అమ్మిన దుకాణదారు. చీరను ఫలానా రంగులో, ఫలానా అంచుతో నేసి ఇమ్మని పురమాయిస్తే అది ‘ఇస్తిస్నా’ ఒప్పందం. చెప్పిన వర్ణన ప్రకారం వస్తువు లేకపోతే పురమాయించినవాడు దానిని నిరాకరించవచ్చు. పట్టు, జరీ తానే ఇచ్చి కూలికి నేయిస్తే అది శ్రమకు సంబంధించిన ఒప్పందం. అప్పుడు నేతగాడు తన చేతిపని వల్ల కలిగిన నష్టానికి మాత్రమే బాధ్యుడు. షావుకారు ఇచ్చిన జరీలోని దోషానికి అతడు బాధ్యుడు కాడు. చీర నాసిరకమని చెప్పి నేతగాని కూలిలో కోత వేసే సందర్భాలలో ఈ విభజన ఎంత అవసరమో మగ్గం మీద బ్రతికేవారికి తెలుసు.

గుడ్డ విషయంలో హిదాయా మరింత వివరంగా చెప్పింది. గుడ్డను కత్తిరించిన తరువాత లోపం తెలిస్తే వ్యత్యాసం రాబట్టుకోవచ్చు. కత్తిరించినదానినే తీసుకుంటానని అమ్మినవాడు ఒప్పుకుంటే వాపసు ఇవ్వవచ్చు. కుట్టించిన తరువాత గాని, రంగు వేయించిన తరువాత గాని లోపం తెలిస్తే వ్యత్యాసమే దారి. కత్తిరించిన గుడ్డను కుట్టించకుండానే, రంగు వేయించకుండానే ఇంకొకరికి అమ్మివేస్తే హక్కు పోయినట్లే.

మరి దుకాణదారు తన నష్టాన్ని ఎవరిని అడగాలి? తనకు అమ్మినవానిని. ఇక్కడ ఒక ముఖ్యమైన నియమం ఉంది. ఖాజీ తీర్పు ప్రకారం సరుకు దుకాణదారుకు వాపసు వస్తే, అతడు దానిని తనకు అమ్మినవానికి తిప్పి పంపవచ్చు. తీర్పు లేకుండా తన ఇష్టంతో వాపసు తీసుకుంటే మాత్రం ఆ పై హక్కు అతనికి ఉండదు. ఎందుకంటే పరస్పర అంగీకారంతో జరిగిన వాపసు మూడవవాని దృష్టిలో కొత్త బేరం వంటిది. అంగడివాడు “కంపెనీని అడగండి” అనడం వెనుక ప్రతిసారీ దురుద్దేశమే ఉండదు. తాను వాపసు తీసుకున్న సరుకును పైవాడు తీసుకుంటాడో లేదోనన్న భయం కూడా ఉంటుంది. ఆ భయాన్ని ఫుఖహాలు గుర్తించారు. కాని దానికి పరిష్కారంగా కొన్నవానిని దూరాన ఉన్న తయారీదారు వద్దకు పంపలేదు. భారాన్ని లంకె వెంబడి పైకి నడిపించే మార్గం చూపారు.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) స్వయంగా కూఫా నగరంలో పట్టు వస్త్రాల వర్తకులు. లోపమున్న ఒక వస్త్రాన్ని లోపం చెప్పి అమ్మమని ఆయన తన భాగస్వామికి చెప్పగా, అతడు మరచిపోయి అమ్మివేశాడనీ, కొన్నవాని జాడ తెలియక ఇమామ్ ఆ సొమ్మును దానం చేశారనీ ఆయన జీవితచరిత్రకారులు పేర్కొన్నారు. ఆ వస్త్రాన్ని ఆయన నేయలేదు, అమ్మినవాడు మాత్రమే. అయినా బాధ్యత తనదే అనుకున్నారు.

న్యాయస్థానం మారిన కాలం

1565 తరువాత విజయనగర ప్రభువులకు రాజధాని అయిన పెనుకొండ, బాబా ఫఖ్రుద్దీన్ దర్గాతో ముస్లిములకు కూడా సుపరిచితమైన ఊరు. 1792, 1799 ఒప్పందాల ఫలితంగా టిప్పు రాజ్యం నుండి నిజాంకు సంక్రమించిన ఈ సీమ 1800లో ఈస్టిండియా కంపెనీకి దత్తమైంది. అంతకు కొద్దికాలం ముందే, 1791లో, ఛార్లెస్ హామిల్టన్ హిదాయాకు చేసిన ఇంగ్లీషు అనువాదం వెలువడింది. కాని ఆంగ్ల న్యాయస్థానాలలో షరీఅత్ పరిధి క్రమంగా కుదించుకుపోయింది. 1864 చట్టంతో ప్రభుత్వ కోర్టులలో ఖాజీ, ముఫ్తీల ఉద్యోగాలు రద్దయ్యాయి. 1873 మద్రాసు సివిల్ కోర్టుల చట్టం వారసత్వం, వివాహం, మతాచారం వంటి విషయాలకే ముస్లిం ధర్మశాస్త్రాన్ని పరిమితం చేసింది. బజారు వ్యవహారాలు 1872 కాంట్రాక్టు చట్టం క్రిందికి, తరువాత 1930 సరుకుల విక్రయ చట్టం క్రిందికి పోయాయి.

దాదాపు అదే కాలంలో ఉస్మానియా సామ్రాజ్యం వేరొక మార్గం త్రొక్కింది. 1869 నుండి 1876 వరకు వెలువడిన ‘మజల్లా’లో హనఫీ వర్తక న్యాయాన్ని నిబంధనల రూపంలో క్రోడీకరించింది. అందులో 337వ నిబంధన ఖియారుల్ ఐబ్‌కు సంబంధించినది.

1930 చట్టం మూలసూత్రం తలక్రిందులుగా ఉంది. సరుకు నాణ్యతకు అమ్మినవాడు సాధారణంగా పూచీ కాడు, కొనేవాడే జాగ్రత్త పడాలి అన్నది అందులోని 16వ సెక్షను ఆరంభం. దానికి మినహాయింపులు లేకపోలేదు. తన అవసరం చెప్పి, అమ్మేవాని అనుభవాన్ని నమ్మి కొంటే సరుకు ఆ పనికి తగినదై ఉండాలి. వర్ణనను బట్టి వర్తకుని వద్ద కొంటే సరుకు అమ్మకానికి తగిన నాణ్యత కలిగి ఉండాలి. కాని మొదటి మినహాయింపుకు ఇంకొక మెలిక ఉంది. ఒక వస్తువును దాని వ్యాపార నామంతో అడిగి కొన్నప్పుడు, అది ఫలానా పనికి తగి ఉండాలన్న పూచీ అమ్మినవానిపై ఉండదు. పేరు చూసి కొనే కాలం వచ్చేసరికి ఆ మెలిక చాలా పెద్దదయింది. కొనేవాడు నమ్మినది అంగడివానిని కాదు, డబ్బా మీది పేరును అన్న తర్కం ఇందులో ఉంది.

‘వారంటీ’ అన్న మాట చరిత్ర కూడా ఆలోచింపజేసేదే. 1930 చట్టం 12వ సెక్షనులో అది చిన్న వాగ్దానం. ప్రధానమైన షరతు తప్పితే సరుకు వాపసు ఇవ్వవచ్చు. వారంటీ తప్పితే నష్టపరిహారం మాత్రమే అడగవచ్చు, వాపసు లేదు. నేడు జనం ఎంతో భరోసాగా పలికే మాట చట్టంలో తక్కువ హక్కుకు పెట్టిన పేరు.

తయారీదారుని నేరుగా పట్టుకునే మార్గం కూడా ఇంగ్లీషు న్యాయంలో ఆలస్యంగానే తెరుచుకున్నది. 1928లో స్కాట్లండులోని పేస్లీ పట్టణంలో స్నేహితురాలు కొనిపెట్టిన అల్లపు పానీయం త్రాగిన ఒక స్త్రీ, సీసాలో కుళ్లిన నత్త ఉన్నదని తయారీదారుపై దావా వేసింది. ఆమె స్వయంగా కొనలేదు గనుక దుకాణదారుతో ఆమెకు ఒప్పందమే లేదు. తయారీదారుకు చివరి వినియోగదారు పట్ల బాధ్యత ఉంటుందని 1932లో ప్రభువుల సభ తీర్పు చెప్పింది.

పెనుకొండ కారు

పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కియా మోటారు కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. ప్రారంభంలో సంవత్సరానికి 3 లక్షల కార్లు తయారు చేసే శక్తి గల ఈ కర్మాగారం పక్క ఊరివాడు కూడా కారును అక్కడి గేటు వద్ద కొనలేడు, డీలరు వద్దనే కొనాలి. తయారీ స్థలం ఎంత దగ్గరైనా కొనుగోలు బంధం డీలరుతోనే. కారులో వేలాది భాగాలు ఉంటాయి. వాటి దోషం డీలరుకు కూడా తెలియదు. ఇటువంటి వస్తువు విషయంలో తయారీదారు వారంటీ నిజమైన మేలు చేస్తుంది. డబ్బు లేకుండా భాగాలు మార్చి ఇస్తారు, ఏ ఊరి సర్వీసు సెంటరులోనైనా బాగు చేస్తారు. ఖియారుల్ ఐబ్ పాత లోపానికే వర్తిస్తుంది. వారంటీ మాత్రం గడువు లోపల కొత్తగా బయటపడిన చెడుపుకు కూడా పనికివస్తుంది.

షరీఅత్ దృష్టిలో అటువంటి అదనపు షరతు చెల్లుతుందా? బేరంలో ఒక పక్షానికి లాభం చేకూర్చే షరతును హనఫీలు సాధారణంగా అంగీకరించరు. అయితే బజారులో అది ఆనవాయితీ అయినప్పుడు అంగీకరిస్తారు. చెప్పుకు పట్టీ వేసి ఇవ్వాలన్న షరతుతో కొనడం ఇందుకు పాత ఉదాహరణ. హిజ్రీ 1252లో (క్రీ.శ. 1836) మరణించిన ఇబ్నె ఆబిదీన్ (రహ్మ) ఆనవాయితీకి గల ఈ స్థానాన్ని విస్తారంగా చర్చించారు. ఆధునిక హనఫీ పండితులు ముఫ్తీ తఖీ ఉస్మానీ ఇదే ప్రాతిపదికపై రిఫ్రిజిరేటరుకు ఇచ్చే ఉచిత సర్వీసు షరతు చెల్లుతుందన్నారు. కాబట్టి వారంటీ ధర్మసమ్మతమే. కాని అది ఇచ్చేవాని మాటలలో, అతడు పెట్టిన గడువులో, అతడు మినహాయించినవి పోగా మిగిలేది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. వారంటీ సాధారణంగా ముందు మరమ్మతు చేస్తానంటుంది, డబ్బు వాపసు అనదు. హిదాయా ప్రకారం లోపం తెలిసిన తరువాత కొన్నవాడు పశువుకు తానే చికిత్స చేయించినా, తన పనికి ఎక్కి తిరిగినా ఆ లోపానికి సమ్మతించినట్లే. తిరిగి అప్పగించడానికి ఎక్కి వెళ్లినా, నీళ్లు పెట్టడానికి తీసుకుపోయినా సమ్మతించినట్లు కాదు. ఆ లెక్కన చెడిన కారును షోరూంకు నడిపి తీసుకువెళ్లడం సమ్మతి కాదు. కాని వాపసు మాట ఎత్తకుండా నెలల తరబడి మరమ్మతులకు ఒప్పుకుంటూ, సొంత పనులకు తిరుగుతూ ఉంటే మొదటి హక్కు సన్నగిల్లుతుంది.

రెండు తలుపులు

1986 వినియోగదారుల రక్షణ చట్టం, దాని స్థానంలో 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చిన 2019 చట్టం బజారు న్యాయాన్ని మళ్లీ పాత దిశకు తిప్పాయి. లోపమున్న సరుకును వాపసు తీసుకోకపోవడం, బిల్లులో వ్రాసిన గడువులో గాని, గడువు లేకపోతే 30 రోజులలో గాని డబ్బు తిరిగి ఇవ్వకపోవడం కొత్త చట్టం ప్రకారం అనుచిత వ్యాపార విధానం. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. క్రయవిక్రయాలకు సాక్ష్యం ఉంచుకోమన్న దివ్య ఖురాన్ బోధ (2:282) ఎరిగినవారికి బిల్లు విలువ కొత్తగా చెప్పనక్కరలేదు.

లోపం వల్ల హాని కలిగినప్పుడు ఆ చట్టం తయారీదారుపై నేరుగా బాధ్యత మోపింది. తన నిర్లక్ష్యం లేదని రుజువు చేసుకున్నా అతడు తప్పించుకోలేడు. అమ్మినవాడు మాత్రం కొన్ని సందర్భాలలోనే ఆ హానికి బాధ్యుడు. అతడు సరుకును మార్చినా, తన తరపున వేరే హామీ ఇచ్చినా, బిగించడంలో పరీక్షించడంలో శ్రద్ధ చూపకపోయినా, తయారీదారు ఎవరో తెలియకపోయినా బాధ్యత అతనిదే. పేరులేని సరుకు అమ్మే దుకాణదారు తానే తయారీదారు స్థానంలో నిలబడతాడన్నమాట.

ఏ తలుపు తట్టాలన్నది చిన్న విషయం కాదని 2021లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు తెలుపుతుంది. గోవాలో ఒక వ్యక్తి 2011 కారుకు డబ్బు చెల్లించగా డీలరు 2009లో తయారైన, అప్పటికే తిరిగిన కారును అప్పగించాడు. డీలరు చేసిన ఈ పని తయారీదారైన టాటా మోటార్స్‌కు తెలిసినట్లు రుజువు కాలేదు గనుక, వారిద్దరి సంబంధం స్వతంత్ర వర్తకుల మధ్య సంబంధమే గనుక ఆ కంపెనీ బాధ్యురాలు కాదని కోర్టు తేల్చింది. అమ్మకంలో జరిగిన మోసానికి అమ్మినవాడే జవాబుదారు. తయారీలోనే లోపం ఉన్నప్పుడు కంపెనీని విడిచి డీలరును మాత్రమే పట్టుకోవడం కూడా అంతే ప్రమాదకరం. కనుకనే వినియోగదారుల కమిషన్లలో ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చే పద్ధతి స్థిరపడింది. ఫిర్యాదుకు గడువు రెండు సంవత్సరాలు. కొన్నవాడు తాను నివసించే చోటనే దానిని దాఖలు చేయవచ్చు. జీవనోపాధి కోసం స్వయంగా పనిచేసుకునే నేతగాడు కొన్న మగ్గం సామాను కూడా ఈ రక్షణ పరిధిలోకి వస్తుంది. తిరిగి అమ్మడానికి కొన్న వర్తకునికి మాత్రం ఈ మార్గం లేదు.

ధర్మవరం చీరకు మూడవ రకం హామీ కూడా ఏర్పడింది. 2004లో కేంద్ర పట్టు మండలి చొరవతో వచ్చిన సిల్క్ మార్కు, 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కు అటువంటివి. అయితే సిల్క్ మార్కు పట్టు స్వచ్ఛతకే గుర్తు. జరీ నాణ్యతను గాని, చేతి మగ్గం మీద నేసిన సంగతిని గాని అది చెప్పదు. పూర్వం ముహ్తసిబ్‌ల కోసం వ్రాసిన గ్రంథాలలో పట్టును గంజితో, నూనెతో బరువెక్కించేవారిపై కన్నేయమని హెచ్చరికలు ఉన్నాయి. ముద్ర ఏదైనా దాని పరిధి తెలుసుకుని నమ్మాలి.

ఈ చరిత్రను బట్టి తేలేది ఒక్కటే. అమ్మినవాని పూచీ బేరంలోనే పుట్టిన హక్కు, వారంటీ దానిపై చేర్చిన కానుక. కానుకను స్వీకరించినందుకు హక్కు రద్దు కాదు. వాపసు కావలసిన లోపమైతే ముందు అంగడివానికి వ్రాతపూర్వకంగా తెలిపి, ఆ తరువాత మరమ్మతు కోసం కంపెనీ వారంటీని వాడుకోవడం వివేకం. హిందూపురం, ధర్మవరం, పెనుకొండ బజార్లలో కొనేవారిలోనూ, అమ్మేవారిలోనూ ముస్లిములు ఉన్నారు. కొనేవానికి ఇది హక్కు అయితే అమ్మేవానికి ఇది అమానత్. లోపం తన చేతిలో పుట్టకపోయినా, ధర తీసుకున్నది తన చెయ్యే అన్న సంగతి అతడు మరువరాదు.